రామలింగరాజు రాజీనామా - ఆర్థిక ప్రభావాలు

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ వ్యవస్థాపకుడు, చైర్మన్ బైర్రాజు రామలింగరాజు 2009 జనవరి 7 న తన పదవికి రాజీనామా చేసాడు. సంస్థ లెక్కలను కొన్నేళ్ళుగా పెంచి చూపినట్లు రాజీనామా లేఖలోనే ఒప్పుకోవడంతో, ఈ ఘటన భారత కార్పొరేట్ చరిత్రలోని అతిపెద్ద కుంభకోణాలలో ఒకటిగా నిలిచింది. దీని ప్రభావం మదుపుదారులు, ఉద్యోగులు, బ్యాంకులతో పాటు, సత్యం అభివృద్ధి కేంద్రం ఉన్న విశాఖపట్నం వంటి నగరాలపైనా పడింది.

నేపథ్యం

సత్యం 1987 లో హైదరాబాదులో ప్రారంభమైంది. 2001 లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. రాజీనామా నాటికి తమకు సుమారు 53,000 మంది ఉద్యోగులు ఉన్నట్లు సంస్థ చెప్పుకొనేది. 2008 డిసెంబరు 16 న, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనాలని సత్యం బోర్డు నిర్ణయించింది. వాటాదారులు తీవ్రంగా వ్యతిరేకించడంతో కొద్ది గంటల్లోనే ఆ నిర్ణయాన్ని విరమించుకుంది. లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తులను చేర్చే చివరి ప్రయత్నమది అని రాజు తరువాత తన లేఖలో పేర్కొన్నాడు.

ప్రసిద్ధ వ్యవస్థాపకులు తప్పుకున్నపుడల్లా ఇటువంటి సంక్షోభం రాదు. మైక్రోసాఫ్ట్ రోజువారీ బాధ్యతల నుండి తప్పుకుంటానని బిల్ గేట్స్ 2006 లో ప్రకటించి, 2008 జూన్‌లో తప్పుకున్నాడు. ఆ రెండేళ్ళలో బాధ్యతలు క్రమంగా ఇతరుల చేతికి వెళ్ళాయి. సత్యం విషయంలో వారసుడిని సిద్ధం చేసే వ్యవధి లేదు. పైగా, సంస్థ వద్ద నిజంగా ఎంత డబ్బున్నదో కూడా కొత్తవారే తేల్చవలసి వచ్చింది.

లేఖలోని లెక్కలు

2008 సెప్టెంబరు 30 నాటి ఆస్తిఅప్పుల పట్టీలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనివేనని లేఖ తెలిపింది. ఆ త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లే. ఆదాయం మాత్రం పూర్తిగా కల్పితం కాదు. 2,700 కోట్లుగా చూపిన ఆదాయంలో 2,112 కోట్లు నిజమైనదేనని లేఖ పేర్కొంది. అంటే, నిల్వ లేకున్నా వ్యాపారం ఉంది. సంస్థ తరువాత నిలబడడానికి ఇదే ఆధారమైంది.

తక్షణ ప్రభావాలు

రాజీనామా రోజున సత్యం వాటా ధర దాదాపు 78 శాతం పడిపోయింది. సెన్సెక్స్ 749 పాయింట్లు నష్టపోయింది. కేంద్ర ప్రభుత్వం జనవరి 9 న పాత బోర్డును తొలగించి, రెండు రోజుల తరువాత దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను డైరెక్టర్లుగా నియమించింది. తరువాత మరో ముగ్గురిని చేర్చింది. జీతాలు ఆగకుండా చూడడం, ఖాతాదారులు వెళ్ళిపోకుండా ఆపడం కొత్త బోర్డు ముందున్న తొలి పనులు. ఖాతాదారుల నుండి రావలసిన బాకీల వసూలు, బ్యాంకు రుణం ఇందుకు తోడ్పడ్డాయి.

2009 ఏప్రిల్‌లో జరిగిన వేలంలో టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయల చొప్పున చెల్లించడానికి ముందుకు వచ్చి సత్యంను దక్కించుకుంది. ఉద్యోగుల కష్టాలు అంతటితో తీరలేదు. పనిలేని వేలాదిమందిని తగ్గించిన జీతంతో "వర్చువల్ పూల్" అనే విభాగంలో ఉంచారు.

విశాఖపట్నం

విశాఖపట్నం ఆర్థిక వ్యవస్థ ప్రధానంగా 1933 లో ప్రారంభమైన ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం, నౌకానిర్మాణ కేంద్రాలపై ఆధారపడి పెరిగింది. ఈ ప్రభుత్వరంగ సంస్థల అధిపతులను ప్రభుత్వమే నియమిస్తుంది. ఒకరు పదవీ విరమణ చేస్తే మరొకరు వస్తారు, రేవులోని బెర్తులు, కర్మాగారంలోని కొలుములు అక్కడే ఉంటాయి. సాఫ్టువేరు సంస్థ ఆస్తి ఇందుకు భిన్నం. అది ఉద్యోగుల నైపుణ్యంలోను, ఖాతాదారుల నమ్మకంలోను ఉంటుంది. నమ్మకం పోతే కార్యాలయ భవనానికి మిగిలే విలువ స్వల్పం. అందువలన, నగరంలో ఇంకా వేళ్ళూనుకుంటున్న ఈ రంగానికి సత్యం సంక్షోభం ఒక పరీక్ష అయింది.

ఇక్కడి సత్యం కేంద్రం మొదట మహీంద్రా సత్యం పేరుతోను, 2013 విలీనం తరువాత టెక్ మహీంద్రా పేరుతోను కొనసాగింది. సంస్థ పేరు మారినా, జాతీయ రహదారిపై ఉన్న కూడలిని నగరవాసులు సత్యం జంక్షన్ అనే పిలుస్తున్నారు.

వ్యవస్థాపకునితో ముడిపడిన ఇతర సంస్థలు

2005 లో రాజు చొరవతో మొదలైన 108 అత్యవసర అంబులెన్స్ సేవల సంస్థ (ఇ.ఎం.ఆర్.ఐ.) నిర్వహణను 2009 లో జి.వి.కె. సంస్థ చేపట్టింది. మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వంలోని కూటమికి ఇచ్చిన హైదరాబాదు మెట్రో ఒప్పందాన్ని రాష్ట్రప్రభుత్వం అదే సంవత్సరం రద్దు చేసింది. తరువాత ఆ ప్రాజెక్టు ఎల్ అండ్ టి సంస్థకు దక్కింది.

దీర్ఘకాలిక ఫలితాలు

2013 విలీనంలో ప్రతి 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్రా వాటాలు ఇచ్చారు. 2013 కంపెనీల చట్టం ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చడాన్ని తప్పనిసరి చేసింది. వాటాదారులు కలసి దావా వేసే అవకాశం కల్పించింది. 2015 ఏప్రిల్ 9 న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చి, రాజుకు ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది. మరుసటి నెలలో పై న్యాయస్థానం శిక్షను నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది.

సత్యం కథలో వ్యవస్థాపకుడు వెళ్ళిపోయినా సంస్థ పని ఆగలేదు. అయితే, అతడు చూపిన లెక్కలను నమ్మి వాటాలు కొన్నవారి నష్టం చాలావరకు తిరిగి రాలేదు.