అదనపు పోలీసులు: భారతదేశంలో నియామకం, ఖర్చుల చరిత్ర

సాధారణ పోలీసులు చాలనప్పుడు వారికి తోడుగా ప్రభుత్వం తీసుకునే బలగాన్ని అదనపు పోలీసులు, సహాయక పోలీసులు అంటారు. స్పెషల్ పోలీసు ఆఫీసర్లు (ఎస్పీవోలు), హోంగార్డులు ఈ కోవలోకి వస్తారు. జిల్లా కేంద్రాల్లోని ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసులు వేరు. వాళ్లు జీతం, పింఛను, పదోన్నతి ఉన్న పూర్తికాలపు ఉద్యోగులు. ఆ భద్రత లేకపోవడమే అదనపు పోలీసుల నియామకాన్ని ప్రభుత్వాలకు చౌక చేసింది. ఖజానా మిగుల్చుకున్న ఆ డబ్బు భారం మరొకరి మీద పడింది. మొదట ఊళ్లు మోశాయి, తర్వాత ఆ ఖాకీ దుస్తులు వేసుకున్న మనుషులే మోశారు.

ఈ ఏర్పాటుకు చట్టరూపం 1861 నాటి పోలీసు చట్టంతో వచ్చింది. ఎవరైనా వ్యక్తి తన ఖర్చుతో అదనపు పోలీసులను పెట్టించుకోవచ్చని 13వ సెక్షన్ చెప్పింది. 15వ సెక్షన్ ఇంకా కఠినం. అల్లర్లు ఉన్నాయని ప్రకటించిన ప్రాంతంలో అదనపు పోలీసులను దించి, ఆ ఖర్చును అక్కడి జనం దగ్గరే వసూలు చేసే అధికారం ఇచ్చింది. 17వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఇరుగుపొరుగు వాసులనే స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా నియమించవచ్చు. కాదంటే 19వ సెక్షన్ కింద 50 రూపాయల దాకా జరిమానా. పోలీసుకుండే అధికారాలూ బాధ్యతలూ వారికీ ఉంటాయని 18వ సెక్షన్ రాసింది.

బ్రిటిష్ అధికారులు ఈ నియామకాన్ని అవమానించడానికీ వాడుకున్నారు. 1905లో బెంగాల్ విభజనపై ఆందోళన రేగినప్పుడు రంగపూర్‌లో స్వదేశీ ఉద్యమంలో ఉన్న ఊరి పెద్దలను స్పెషల్ కానిస్టేబుళ్లుగా నియమించారు.

పోలీసు ఖర్చు మీద ప్రజలు నేరుగా తిరగబడ్డ ఘట్టం గుజరాత్‌లోని ఖేడా జిల్లా బోర్సద్ తాలూకాది. అక్కడ బందిపోట్ల దాడులు పెచ్చుమీరాయి. బాబర్ దేవా అనే బందిపోటు పేరు చెబితేనే ఊళ్లు వణికేవి. ప్రభుత్వం జనాన్నే తప్పుపట్టింది. దొంగలకు ఆశ్రయమిస్తున్నారంటూ అదనపు పోలీసులను దించి, 1923 సెప్టెంబరులో ఆ ఖర్చు కింద 2,40,074 రూపాయల పన్ను వేసింది. పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు రూపాయల ఏడణాలు కట్టాలి. దోపిడీకి గురైనవాడూ కట్టాల్సిందే.

వల్లభ్‌భాయ్ పటేల్ విచారణ జరిపించారు. బాబర్ దేవాను పట్టుకునే పేరుతో అలీ అనే మరో బందిపోటుకు పోలీసులే ఆయుధాలు అందించారన్న సంగతి బయటపడింది. అలాంటి పోలీసులకు తామెందుకు డబ్బు కట్టాలని 104 గ్రామాలు పన్ను ఎగ్గొట్టాయి. పన్ను కట్టనివారి సామాను జప్తు చేసే సిబ్బంది పగటిపూటే వచ్చేవారు కాబట్టి జనం పొద్దున్నే తలుపులకు తాళాలు వేసి, చీకటి పడ్డాకే తీసేవారు. వాళ్లు వస్తున్నారని వాలంటీర్లు డప్పు కొట్టి చెప్పేవారు. రైతులు వారాల తరబడి అలా నిలబడ్డారు. కొత్తగా వచ్చిన బొంబాయి గవర్నర్ లెస్లీ విల్సన్ హయాంలో, 1924లో ప్రభుత్వం పన్ను రద్దు చేసింది.

స్వాతంత్ర్యం దగ్గరపడే నాటికి భారం మోసేవాళ్లు మారారు. 1946 డిసెంబరు 6న బొంబాయి ప్రావిన్సులో హోంగార్డుల దళం మొదలైంది. మొరార్జీ దేశాయ్ చొరవతో, అల్లర్లను అదుపు చేయడంలో పోలీసులకు సాయపడే పౌర స్వచ్ఛంద దళంగా అది పుట్టింది. 1962లో చైనా యుద్ధం తర్వాత రాష్ట్రాల్లోని ఇలాంటి దళాలన్నిటినీ ఒకే తీరులోకి తెమ్మని కేంద్రం సూచించింది. దళాన్ని ఏర్పరచి, శిక్షణ, సామగ్రి సమకూర్చేందుకయ్యే ఖర్చులో సాధారణంగా నాలుగో వంతు కేంద్రం ఇస్తుంది, మిగతాది రాష్ట్రాలదే. వేరే బతుకుతెరువు ఉన్న పౌరుడు తీరిక వేళ చేసే సేవ అన్నది అసలు ఉద్దేశం. ఆచరణలో ట్రాఫిక్ కూడలి దగ్గర ఎండలో నిలబడేది, అధికారి జీపు నడిపేది, రాత్రి గస్తీ తిరిగేది హోంగార్డులే అయ్యారు. పని పూర్తికాలానిది, పైకం మాత్రం రోజు లెక్కన ఇచ్చే డ్యూటీ అలవెన్సు. రోజు తప్పితే డబ్బు తప్పుతుంది.

ఈ చౌకదనం ప్రాణాల మీదికి తెచ్చిన చోటు ఛత్తీస్‌గఢ్. 2005లో మావోయిస్టు వ్యతిరేక ఉద్యమంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్‌లో ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా తీసుకుని మావోయిస్టుల మీదికి పంపారు. ఐదో తరగతి చదువు సరిపోతుందన్నారు. గౌరవ వేతనం 1,500 రూపాయలతో మొదలై 3,000కు చేరింది, అంటే రోజుకు వంద. అందులో 80 శాతం కేంద్రం భరించేది. శిక్షణ రెండు నెలలు. అందులో చట్టాలకు 24 పీరియడ్లు, రాజ్యాంగం, మానవ హక్కులకు 12 పీరియడ్లు. బడి సరిగా దాటని పిల్లవాడికి అంతలోనే శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం అర్థమైపోతాయని ప్రభుత్వం కోర్టుకు చెప్పుకుంది. 2007 మార్చిలో రాణీబోద్లీ పోలీసు శిబిరంపై దాడిలో చనిపోయిన 55 మందిలో ఎక్కువమంది ఎస్పీవోలే. మొత్తం 173 మంది ఎస్పీవోలు బలయ్యారని సుప్రీంకోర్టు నమోదు చేసింది.

సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహతో పాటు విశాఖపట్నంలో స్థిరపడిన మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ ఈ నియామకాలపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం తీర్పునిచ్చింది. ఇలాంటి నియామకాలు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని, మావోయిస్టులపై పోరులో ఎస్పీవోలను వాడకూడదని, అందుకోసం కేంద్రం డబ్బు ఇవ్వరాదని ఆదేశించింది. ఆ ఏడాదే ఛత్తీస్‌గఢ్ కొత్త చట్టం చేసి సహాయక సాయుధ బలగాన్ని ఏర్పాటు చేసుకుంది. దాన్ని కోర్టు ధిక్కారంగా చూడలేమని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

జమ్మూ కశ్మీర్‌లోనూ ఎస్పీవోలదే ముందువరస. 2018 సెప్టెంబరులో షోపియాన్‌లో ముగ్గురు పోలీసులను ఉగ్రవాదులు ఇళ్ల నుంచి ఎత్తుకెళ్లి చంపారు. ఆ తర్వాతే ఎస్పీవోల గౌరవ వేతనాన్ని సర్వీసును బట్టి 12,000 దాకా పెంచారు. మనుషులు పోయాక పెంచిన పైకం అది.

హోంగార్డులకు ఊరట 2015 మార్చి 11న వచ్చింది. హిమాచల్ ప్రదేశ్, పంజాబ్, ఢిల్లీ హోంగార్డుల కేసుల్లో సుప్రీంకోర్టు వారిని క్రమబద్ధీకరించడానికి ఒప్పుకోలేదు. కానీ 30 రోజుల అలవెన్సు కలిపితే ఆ రాష్ట్ర పోలీసు కనీస వేతనంతో సమానం కావాలంది. తెలుగు రాష్ట్రాలూ కదిలాయి. 2017లో తెలంగాణ నెల మొత్తాన్ని 12,000 నుంచి 20,000కు, 2019లో ఆంధ్రప్రదేశ్ 18,000 నుంచి 21,300కు పెంచాయి. అయినా ఇచ్చేది సమయానికి ఇవ్వాలి కదా. 2023 సెప్టెంబరులో జీతం ఆలస్యమైందన్న ఆవేదనతో హైదరాబాద్‌లో ఒక హోంగార్డు ఒంటికి నిప్పంటించుకుని ప్రాణాలు కోల్పోయారు. 2025 జనవరి నుంచి తెలంగాణలో రోజు అలవెన్సు 921 నుంచి 1,000 రూపాయలైంది. పింఛను మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ హోంగార్డులకు లేదు.