బావినీటి పరీక్ష

మన యిండ్లలో నీటిని పరీక్షించు పద్ధతి యొకటి పూర్వమునుండి కలదు. నోటికి ఉప్పగా లేకున్న మంచినీరు. పప్పు త్వరగా ఉడికిన మంచినీరు. గుడ్డలుతుకునపుడు సబ్బు నురుగు వచ్చిన మంచినీరు. ఈ పరీక్ష నిరర్థకమని మే మనము. కాని దీనినే నమ్ముకొని తెలుగునాట తరతరములవారు ఎంత నష్టపోయిరో చరిత్ర చెప్పుచున్నది.

నాటి నెల్లూరు జిల్లా మెట్టసీమలో, దున్నెడి యెద్దులు కీళ్లు బిగిసి నడువలేకపోవుటను రైతులే ముందు కనిపెట్టిరని చెప్పుదురు. మనుష్యులకును పండ్లపై మచ్చలు, వెన్ను బిగియుట కనబడెను. కారణము బావినీటిలోని ఫ్లోరైడని షార్టు, పండిట్, రాఘవాచారి అను వైద్యశాస్త్రజ్ఞులు 1937లో ప్రకటించిరి. 1955లో సిద్దీఖీగారు నల్లగొండ జిల్లా రోగులనుగూర్చి బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసిరి. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు, ఇట్టి నీరు త్రాగు పిల్లల మోకాళ్లు లోనికి వంగిపోవుటను వర్ణించిరి.

ఇంటి పరీక్షకు ఈ విషమేల చిక్కలేదు? ఫ్లోరైడు గ్రానైటు శిలలోని ఖనిజములనుండి నీటిలో కరగును. పప్పును ఉడుకనీయని కాల్షియము మిక్కుటముగ నున్నచో, అది ఫ్లోరైడును పట్టి అడుగున నిలుపును. కాల్షియము తగ్గి సోడాక్షారము హెచ్చినచో ఫ్లోరైడు నీటిలోనే యుండును. అనగా వంటకు మెచ్చిన మెత్తని నీరే పెక్కుచోట్ల ఎముకలకు శత్రువగుచున్నది! దానికి రంగు లేదు, రుచి లేదు. కాచిన పోదు సరికదా, నీరిగిరినకొలది చిక్కబడును.

పొలముమాట వేఱు. సోడాక్షారము హెచ్చిన నీటిని నల్లరేగడికి పెట్టిన మన్ను బిగిసి, నీరింకక, చౌడు తేలును. కావున ఇంటికొక పరీక్ష, పైరుకొక పరీక్ష.

త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 వఱకు సహింపవచ్చుననియు భారత ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, తేర్చి, ఫ్లోరైడును తగ్గించు ఉపాయము నల్లగొండ పేరనే లోకమున ప్రసిద్ధి కెక్కినది. పేరు దక్కుటకు ఆ జిల్లా చెల్లించిన వెల చిన్నది కాదు.

హైదరాబాదులోని బోరబండయు గ్రానైటు నేలయే. నదీజలము నల్లాలలో వచ్చుచున్నను, చాలనప్పుడు బోరునీరే దిక్కగు ఇండ్లు నగరమున కలవు. ఇరుకు వాడలలో మురుగు నేల కింకినచో నైట్రేటు చేరును. అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించిన, ఆ నీటితో కలిపిన సీసాపాలు త్రాగు పసిబిడ్డలకు అపాయము. దీనినిగూడ నాలుక గుర్తింపజాలదు. పొరుగువారి బోరు మంచిదైనంత మాత్రమున మనది మంచిది కానేరదు.

బోరు వేయుటకు ముందు టెంకాయ పట్టించి నీటిజాడ చూపించు గృహస్థులు, నీరు పడిన పిదప ఒక సీసాడు ప్రయోగశాలకు పంపుటకు ఏల వెనుదీయుదురో మాకు తెలియదు. వానలకు ముందొకసారి, తరువాత నొకసారి ఆ పని చేయింపుడు. నీటిని చూచు కన్నులు మనకు పుట్టుకతో రాలేదు, శాస్త్రము ఇచ్చినది.