బత్తెం కోసం కొలువు: తిరువళ్ళూరు, తిరుత్తణి సీమలో కుంపిణీ సిపాయి

తిరుత్తణి పేరు చెప్పగానే మన విద్యార్థులు సాధారణంగా రెండు సంగతులు గుర్తు చేసుకుంటారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో అక్కడ పుట్టాడన్నది ఒకటి. 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా చిత్తూరు జిల్లా నుంచి విడిపడి మద్రాసు రాష్ట్రంలో కలిసిందన్నది రెండోది. ఈ రెండూ ముఖ్యమైనవే. కాని అంతకు రెండు వందల ఏళ్ళ ముందు, ఈ ఊళ్ళ మధ్య బాటల మీద సైన్యాలు ముప్పై ఏళ్ళపాటు తిరిగాయి. ఆ సైన్యాల్లో మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళెవరూ తమ సంగతి రాసిపెట్టలేదు. సేనానుల పేర్లు, యుద్ధాల తేదీలు మనకు ఓర్మ్ గ్రంథంలోనూ విల్క్స్ గ్రంథంలోనూ దొరుకుతాయి. సిపాయి పొద్దున ఏం తిన్నాడు, పెళ్ళాం బిడ్డలను ఎక్కడ ఉంచాడు, ఎందుకు చేరాడు అన్న ప్రశ్నలకు ఆ గ్రంథాల సందుల్లోనే జవాబు వెతుక్కోవాలి. కొంత జవాబు మన నిఘంటువుల్లో కూడా ఉంది. భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి గనుక నేను ఆ రెండో దారినే ఎక్కువ నమ్ముతాను.

పాఠ్యపుస్తకాల్లో ఈ యుద్ధాలను 'కర్ణాటక యుద్ధాలు' అని, ఆంగ్లేయులకూ ఫ్రెంచివారికీ జరిగిన పోరని చెబుతారు. అది సగం మాట. మొదట ఇది ఇంటిపోరు. 1740లో చిత్తూరు సీమలోని దామలచెరువు కనుమ దగ్గర మరాఠాల చేతిలో నవాబు దోస్త్ అలీ చనిపోయాడు. అతని అల్లుడు చందా సాహెబు మరాఠాలకు చిక్కి, 1748 దాకా వారి చెరలో ఉన్నాడు. ఈలోగా 1744లో ఆర్కాటు నవాబీ అన్వరుద్దీన్‌కు దక్కింది. చందా సాహెబు తిరిగి వచ్చి, 1749 ఆగస్టు 3న ఆంబూరు యుద్ధంలో అన్వరుద్దీన్‌ను ఓడించాడు. అన్వరుద్దీన్ ఆ యుద్ధంలోనే చనిపోగా, అతని కొడుకు మహమ్మదలీ తిరుచిరాపల్లికి పారిపోయాడు. హైదరాబాదులో నిజాముల్ ముల్క్ కొడుకూ మనుమడూ అదే సమయంలో గద్దె కోసం కొట్టుకుంటున్నారు. పాత నవాబు అల్లుడికీ కొత్త నవాబు కొడుకుకీ మధ్య సీమంతా రెండుగా చీలింది. ఖిల్లేదార్లు, పాళెగాళ్ళు గాలివాటం చూసి పక్షం ఎంచుకున్నారు. తెల్లవాళ్ళు ఈ చీలికలోకి దూరి బలపడ్డారు. ఒకే సీమవాళ్ళు రెండు జెండాల కింద ఎదురెదురుగా నిలిచిన ఈ పోరుకు అంతర్యుద్ధమన్న పేరు తగదా?

ఇక్కడ సిపాయి ఎలా చేరాడో చూడాలి. కార్వేటినగరం, కాళహస్తి, వెంకటగిరి పాళెగాళ్ళ దగ్గర బంట్లు ఉండేవారు. వారికి జీతానికి బదులు భూమి ఇచ్చేవారు. అమరం, కట్టుబడి అన్న మాటలు ఆ ఏర్పాటుకు గుర్తులు. తండ్రి అమరం కొడుక్కి వస్తుంది, దానితోపాటు కొలువూ వస్తుంది. వద్దంటే భూమి పోతుంది. కుంపిణీ సిపాయి సంగతి వేరు. అతణ్ణి ఎవరూ పట్టుకుపోలేదు. తనంత తానుగా నడిచివెళ్ళి పేరు రాయించుకున్నాడు. దండుల రాకపోకలతో చేలు తొక్కుడుపడి, చెరువు గట్లు తెగి, రెండు పక్షాలకూ పన్ను కట్టాల్సివచ్చిన రైతు ఇంట్లో రెండో కొడుక్కి నెలజీతం అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. స్వచ్ఛందం అన్న మాటను మనం ఈ అర్థంలోనే తీసుకోవాలి. అతను ఏ నవాబు హక్కునూ నిలబెట్టడానికి రాలేదు, జీతానికి వచ్చాడు.

అందుకే పక్షం మారడం అతనికి ద్రోహంగా తోచలేదు. 1751 డిసెంబరులో ఆర్ణి దగ్గర చందా సాహెబు కొడుకు రజా సాహెబు ఓడిపోయినప్పుడు, ఫ్రెంచివారి దగ్గర కవాతు నేర్చిన దాదాపు 600 మంది సిపాయిలు తుపాకులతో సహా వచ్చి క్లైవు దగ్గర చేరారు. క్లైవు వారిలో మంచి ఆయుధాలున్నవారిని ఎంచి తీసుకున్నాడు. అంటే అటు నేర్చిన పని ఇటు పనికొచ్చింది. మన ఊళ్ళ నేతగాడు ఒక షావుకారును వదిలి మరొకరి దగ్గర బయానా తీసుకోవడం లాంటిదే ఇది.

ఇక మాటల సంగతి. సిపాయి పారశీక పదం. తుపాకి తురుష్క భాష నుంచి పారశీకం ద్వారా వచ్చింది. కవాతు అరబ్బీ మూలం కలది. పటాలం, తమిళంలో పట్టాళం, ఐరోపావారి బెటాలియన్. ఇవన్నీ బయటినుంచి వచ్చినవి. నాయక్ మన మాటే. సుబేదారు, జమేదారు, హవల్దారు, నాయక్ అన్న వరుసలో అది సిపాయికి పైన మొదటి మెట్టు. 1639లో మద్రాసులో కోట కట్టుకోవడానికి ఆంగ్లేయులకు అనుమతి ఇచ్చింది దామర్ల నాయకులు. 120 ఏళ్ళు తిరిగేసరికి అదే బిరుదు, ఆ కోటలో జీతం తీసుకుంటూ కొద్దిమంది సిపాయిల మీద పెత్తనం చేసే చిన్న ఉద్యోగి హోదాగా మారింది. అర్థసంకోచానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తరగతిలో నాకు దొరకలేదు.

వీటన్నిటికంటె సిపాయి బతుకును పట్టిచ్చే మాట బత్తెం. నెలజీతం ఒకటి, దండుతో బయలుదేరినప్పుడు తిండికి ఇచ్చే అదనపు డబ్బు మరొకటి. ఆ రెండోదాన్ని ఆంగ్లేయులు 'బత్తా' అన్నారు. దీని పుట్టుక గురించి పండితులలో వాదం ఉంది. కన్నడంలో వడ్లను చెప్పే మాట నుంచి వచ్చిందని కొందరంటారు. మన బత్తెం దానికి దగ్గర చుట్టమన్న సంగతి మాత్రం కళ్ళకు కనబడుతూనే ఉంది. ఇవాళ తమిళనాడు ప్రభుత్వోద్యోగి తీసుకునే పయణప్పడిలోని 'పడి' కూడా కొలతకూ కూలికీ కలిసి వాడే మాటే. సైన్యం ఈ సిపాయికి అన్నం వండిపెట్టదు. దండు వెంట నడిచే బజారులో అతనే బియ్యం కొనుక్కోవాలి. జీతం నెలల తరబడి ఆగిపోతే బజారు కోమటి దగ్గర అప్పు. యుద్ధం గెలిచినా ఓడినా ఆ అప్పు మాత్రం నిలిచే ఉంటుంది.

అతని రోజు తెల్లవారకముందే మొదలయ్యేది. ఎండ ఎక్కకముందే మజిలీ చేరాలని చీకట్లోనే నడక సాగించేవారు. ఎర్ర చొక్కా, తలపాగా, మోకాళ్ళ పైకుండే చల్లడం, కింద ఉత్తకాళ్ళు లేదా చెప్పులు. భుజాన దాదాపు నాలుగున్నర కిలోల తుపాకి. తూటా కాగితాన్ని పంటితో చించి, మందు పోసి, గుండు వేసి, గజంతో దట్టించి పేల్చాలి. చకుముకి రాయి తడిస్తే అంతా వృథా. బాగా నేర్చినవాడు నిమిషానికి రెండు మూడుసార్లు పేల్చగలడు. వంద గజాలు దాటితే గురి దైవాధీనం. అందుకే ఒక్కొక్కడి గురికంటె అందరూ ఒక్కసారి పేల్చడమే విద్య. రోజూ కవాతు అందుకే. ఆజ్ఞలు ఇంగ్లీషులో, శిబిరంలో మాట్లాడుకునేది హిందుస్తానీ, బజారులో తమిళం, గుడారంలో తెలుగు. రెండు మూడు భాషల మధ్య పెరుగుతున్నామని బెంగపడే మన విద్యార్థులకు ఈ సిపాయి బిడ్డలు పాత తోడు.

బిడ్డలు అన్నాను. మద్రాసు సిపాయి కుటుంబాన్ని వెంట తీసుకుపోయేవాడు. ఈ సైన్యానికి ఇది చాలా కాలం నిలిచిన ఆచారం. పోరాడేవారికంటె వెంట నడిచేవారే కొన్ని రెట్లు ఎక్కువ. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చాకళ్ళు, ఎడ్లు తోలేవారు, ధాన్యం మోసుకొచ్చే లంబాడీలు. దండు ఒక నడిచే ఊరు. ఊరు నడుస్తుంటే నెమ్మదిగానే నడుస్తుంది. ఈ జనమంతా వెంట ఉన్నందువల్ల సైన్యానికి వేగం లేదని అధికారులు విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ విసుగు అన్యాయమనిపిస్తుంది. ఊళ్ళో వదిలి వచ్చిన కుటుంబాన్ని రేపు ఏ పక్షం గుర్రపుదండు దోచుకుంటుందో తెలియని సీమలో, అన్నం వండేవాళ్ళను వెంట ఉంచుకోవడమే తెలివి.

ఆర్కాటు ముట్టడి కథ మీరు వినే ఉంటారు. 1751లో క్లైవు 200 మంది తెల్లవాళ్ళతో, 300 మంది సిపాయిలతో ఆ కోటను పట్టుకుని, 50 రోజులు ముట్టడిని తట్టుకున్నాడు. బియ్యం తరిగిపోతే, అన్నం తెల్లవాళ్ళు తినండి, మాకు గంజి చాలునని సిపాయిలు అన్నారట. ఈ కథ 1840లో అచ్చయిన మెకాలే వ్యాసం వల్ల లోకప్రసిద్ధమైంది. ముట్టడి జరిగి అప్పటికి దాదాపు 90 ఏళ్ళు. యజమాని కోసం పస్తున్న దాసుడి బొమ్మ పాలకులకు నచ్చినందువల్ల అది అంత బతికిందని నా అనుమానం. గంజి విలువ తెలిసిన మనకు మరో సంగతి కూడా తోచాలి. ఇంట్లో గంజి తాగే చేరినవాడికి అది త్యాగంలా కనిపించి ఉండకపోవచ్చు. అదే మాట ఆంగ్లేయుల పటాలాల్లో మరో అర్థం సంపాదించింది. తప్పుచేసిన సిపాయిని పెట్టే కొట్టుకు వాళ్ళు గంజి ఇల్లు అని పేరు పెట్టారు. అక్కడ దొరికే తిండి అదే మరి.

నవాబీ తగవు తీరి, మహమ్మదలీ ఆర్కాటు నవాబుగా స్థిరపడ్డాక కూడా సిపాయికి విశ్రాంతి లేదు. 1780 జులైలో హైదరలీ కనుమలు దిగాడు. ఈ ఘట్టంలో చాలా భాగం తిరువళ్ళూరు జిల్లాదే. గుంటూరు సర్కారులో ఉన్న కర్నల్ బెయిలీ పటాలాలు తెలుగుసీమ మీదుగా గుమ్మిడిపూండి చేరి, కాంచీపురంలో మన్రో దండును కలవడానికి బయలుదేరాయి. ఆగస్టు 25న కుశస్థలి, అంటే తమిళుల కొసస్తలైయారు, ఉత్తరపు ఒడ్డున విడిది చేశారు. ఆ పూట ఏరు దాదాపు ఎండే ఉంది. దాటి విడిది చేసివుంటే కథ వేరుగా ఉండేది. రాత్రికి పైన కొండల్లో వాన పడి వరద వచ్చింది. సెప్టెంబరు మొదటివారం దాకా దాటలేకపోయారు. పూండి జలాశయం చూడ్డానికి వెళ్ళేవారు ఆ నదిని చూసే ఉంటారు, వేసవిలో ఇసుకతిన్నె, వానపడితే ఒక్క రాత్రిలో ఏరు.

సుమారు 2,800 మంది, వారి వెనుక కుటుంబాలు, ఎడ్లు, బజారు. ఒడ్డున వారం పైగా కూర్చుంటే ఆ బియ్యం ఏమైవుంటుందో లెక్కవేయండి. ఏరు దాటాక సెప్టెంబరు 6న పేరంబాకం దగ్గర టిప్పు అడ్డగించాడు. 9వ తేదీన ఫ్లెచర్ వెయ్యిమందితో వచ్చి కలిశాడు. 10వ తేదీ ఉదయం పొల్లిలూరు దగ్గర, మందుగుండు బండ్లు పేలిపోయి, ఆ సైన్యం ఇంచుమించు పూర్తిగా నాశనమైంది. కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న మన్రో సకాలంలో రాలేదు. బెయిలీ 1782లో శ్రీరంగపట్టణం చెరలో చనిపోయాడు. తెల్ల ఖైదీలలో కొందరు తమ అనుభవాలు రాసుకున్నారు. సిపాయి ఖైదీలలో చాలామంది హైదరు కొలువులో చేరవలసివచ్చింది. మళ్ళీ జెండా మారింది, ఈసారి మాత్రం ఇష్టపడి కాదు.

మరుసటి ఏడాది ఆగస్టులో తిరువళ్ళూరు పక్కనున్న తిరుప్పాచూరు కోటను ఐర్ కూట్ పట్టుకున్నాడు. అప్పటికి అతని దండు దగ్గర కొద్ది రోజుల బియ్యమే మిగిలి ఉంది. చిక్కిన శత్రుసైనికులకు తిండి పెట్టలేక, మావాళ్ళను ఇచ్చి మీవాళ్ళను తీసుకోండని హైదరుకు కబురు పంపాడు. ఓడి లొంగినవాళ్ళు తనకు అక్కరలేదని హైదరు తిరస్కరించినట్టు విల్క్స్ రాశాడు. ఇటు అన్నం లేదు, అటు చోటు లేదు. ఆగస్టు 27న రెండో పొల్లిలూరు యుద్ధం, సరిగ్గా నెలకు షోళింగపురం. ఆ తరువాత కూట్ దండు వడ్లు వెతుక్కుంటూ కార్వేటినగరం బొమ్మరాజు పాళెంలోకి, అంటే తిరుత్తణికి ఉత్తరాన కొండల్లోకి పోయింది. ఏ రైతు గాదె ఖాళీ అయిందో ఎవరూ రాయలేదు. 1781లో పడిన ఆగస్టు యుద్ధపు ఆంగ్ల అధికారులు ఇద్దరికి పొల్లిలూరులో స్మారక స్తంభాలున్నాయి. సిపాయిలకు లేవు.

చేరడం ఇష్టంతో జరిగిందన్నాను. దానికి హద్దు ఉందని చూపే సంఘటన కూడా తెలుగుసీమలోనే జరిగింది. పొల్లిలూరు జరిగిన 23 రోజులకు, 1780 అక్టోబరు 3న, విశాఖపట్నంలో సర్కారు పటాలం సిపాయిలను ఈ యుద్ధం కోసమే ఓడలో మద్రాసుకు పంపబోయారు. వాళ్ళు ఓడ ఎక్కమని తిరగబడ్డారు. కొందరు తెల్లవారిని చంపారు. నేలమీద నడిచే ఊరును వెంటబెట్టుకుని యుద్ధం చేసేవాడికి, ఒంటరిగా ఓడ ఎక్కమనడం ఒప్పందంలో లేని మాట.

ఓడ ఎక్కినవాళ్ళూ ఉన్నారు. 1756 అక్టోబరులో కలకత్తాను తిరిగి పట్టుకోవడానికి క్లైవు సుమారు 1,500 మంది సిపాయిలతో మద్రాసు నుంచి బయలుదేరాడు. బెంగాలువారు ఎర్రచొక్కా సిపాయిని మొదట చూసింది వీళ్ళ రూపంలోనే. అందువల్ల అక్కడ సిపాయికి 'తిలంగా' అన్న పేరు వచ్చింది. తెలుగువాడు అన్నది జాతిపదం, అది వృత్తిపదం అయింది. తరువాత ఔధువాడు చేరినా, బీహారువాడు చేరినా తిలంగాయే. 1857లో ఢిల్లీలో తిరగబడిన సిపాయిలను, వారిలో తెలుగు వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో గాని, అక్కడి ఉర్దూ రచయితలు తిలంగాలనే రాశారు.

మనకిక్కడ మిగిలిన పని ఒకటి ఉంది. పళ్ళిపట్టు, తిరుత్తణి, ఊత్తుకోట ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పటాలం, బత్తెం, దండు, కవాతు అన్న మాటలు ఏ అర్థంలో వాడుతున్నారో, ఏ పొడుపుకథలో, ఏ తిట్టులో దాగివున్నాయో సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వలనూ తాతలనూ అడిగి రాసుకోండి. మాట, అర్థం, చెప్పినవారి ఊరు, వయసు ఉంటే చాలు.