బడిగంట – పాతయినుము



నేను పనిచేసిన యొక పాఠశాలలో గంటకు బదులుగా వేపకొమ్మకు మూరెడు రైలుపట్టా ముక్క వ్రేలాడుచుండెడిది. ఇనుపకడ్డీతో కొట్టినచో దాని ధ్వని ఊరిచివరి పొలములవరకు వినవచ్చెడిది. మీలో ననేకులు అట్టి గంట విని బడికి పరుగెత్తినవారే యని తలంచెదను. విద్యుత్తుగంట వచ్చిన యేడు దానిని పాతయినుము క్రింద తూచి అమ్మివేసిరి. వచ్చిన పైకము సుద్దముక్కలకు చాలినదో లేదో! నేను అడ్డుపడలేదు. ఆ చింతయే ఈ ప్రసంగమునకు మూలము.

మన కేసముద్రము మీదుగా పోవు రైలుదారి నైజాము కాలమున వేసినది. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు వచ్చిన మార్గము 1886లో ఓరుగల్లు చేరి, 1889లో బెజవాడను కలిసెను. పట్టా శాశ్వతము కాదు. చక్రముల యొరపిడిచే దాని తల అరుగును. అరిగినదానిని తీసి క్రొత్తది వేయుదురు. తీసిన పట్టా రైలుబండిని మోయజాలదు గాని యింటికప్పును మోయగలదు. కావున అట్టివి కొన్ని కంచెగుంజలై, దూలములై, బడిగంటలై మరల బ్రదికినవి. ఇది పునర్వినియోగము. తక్కినవి ఉక్కు కర్మాగారమునకు పోయి, కరగి, వేరొక వస్తువగును. దీనిని రీసైక్లింగు అందురు. పత్రికలు ఈ రెండుమాటలను ఒక్కటిగా కలిపి వ్రాయుచున్నవి. మొదటిదానియందు రూపము నిలుచును. రెండవదానియందు ద్రవ్యము మాత్రమే మిగులును.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతునకు మట్టిని, బంగారమును, ఇనుమును దృష్టాంతములుగా చూపి, వికారములు నామమాత్రములు, ద్రవ్యమే సత్యమని బోధించెను. వేదాంతమునకు అది సరియే. గృహస్థుడు మాత్రము కంచరివాని కొట్టునకు పోయి చూడవలెను. పగిలిన కంచుకంచము నిచ్చి క్రొత్తది తెచ్చుకొనబోయినచో ముందు తరుగు తీయుదురు. పిమ్మట మజూరి అడుగుదురు. బొగ్గు ఖర్చు అందులోనిదే. జనగామ చెంతనున్న పెంబర్తి పనివాడు ఇత్తడి రేకుపై దినములకొలది ఉలిపెట్టి తీర్చిన చెక్కడమును కరగించినచో మిగులునది తూకమొక్కటే. వాని శ్రమ పొగయై పోవును. అందుచేతనే మన పెద్దలు బిందెకు చిల్లిపడినపుడు మాటు వేయించిరి, గిన్నెకు కళాయి పూయించిరి, చినిగిన చీరలతో బొంత కుట్టించిరి. బొంతలో చీర రూపము చెడలేదా యని యొక శిష్యుడు నన్ను అడిగెను. చెడినది, కాని నేత చెడలేదు, సాలెవాని పని నిలిచినది. కనుక దానిని నేను పునర్వినియోగముననే చేర్చెదను.

ఇక నేటి సంగతి. సెల్‌ఫోను, టీవీ, రేడియో మొదలగు ఎలక్ట్రానిక్ వస్తువులు లేని యిల్లు అరుదు. వీనిలోపలి పలకలపై రాగియు, కొన్నిట అణుమాత్రముగా బంగారమును గలవు. వీనితోపాటు, పాతవాని అతుకులలో సీసమును గలదు. పాతయినుము కొలిమి ఊరిలోనే యుండెడిది. ఈ పలకలకు అది పనికిరాదు. రాగికొరకు తీగెల తొడుగులను కాల్చువారు, బంగారముకొరకు పలకలను ఆమ్లమున ముంచువారు తమ ఊపిరితిత్తులనే అమ్ముకొనుచున్నారు. ఆ మురుగు బావులకును చేరును. 2022లో కేంద్రప్రభుత్వము ప్రకటించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలుపరచిన నియమములు ఈ భారమును తయారీదారులపై నుంచినవి. నమోదైన కర్మాగారములే ఈ పని చేయవలెను. మరమ్మతుచేసి మరల వాడుకకు తెచ్చువారికిని అందు స్థానము గలదు. నాకు ఆ తుదిమాటయే ముఖ్యముగా తోచినది. బజారులో బ్యాటరీ మార్చి ఫోనును బ్రదికించు కుఱ్ఱవాడు మాటు వేయువాని వారసుడు. వానివద్దకు పోకమునుపే మనము పాతసామానువానికి కేకవేయుచున్నాము.

మొన్న ఆ బడికి పోయితిని. వేపకొమ్మపై తీగె ఒరసిన గాడి యింకను ఉన్నది. ఆనాడు విద్యుత్తు లేదు, గంట మ్రోగలేదు. వేళకు బంట్రోతు వంటయింటిలోని సొట్టపడిన పళ్ళెమొకటి తెచ్చి, గరిటతో కొట్టి, బడి విడిచెను.