బడి కబురు ఇంటికి చేరిన దారి

పిల్లవాడికి అయిదో ఏడు రాగానే బడి మొత్తం ఆ ఇంటికి తరలి వచ్చేది. ముందు అయ్యవారు, వెనక పాత పిల్లలు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ గుండ్రంగా కూర్చుంటే, కొత్తగా బడిలో చేరబోయేవాణ్ని సరిగ్గా దేవుడికి ఎదురుగా కూర్చోబెట్టేవారు. అయ్యవారు వాడి పక్కనే కూర్చుని, ధూపం వేసి, బుద్ధినిమ్మని వాడిచేత ప్రార్థన చేయించి, వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవాడు. తల్లిదండ్రులు తాహతు కొద్దీ ఇచ్చింది పుచ్చుకుని వెళ్లేవాడు. పిల్లవాడి బడి మర్నాటి పొద్దున్నుంచి.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో నాటు బడుల లెక్క తీయమని కలెక్టర్లను అడిగితే, దానికి జవాబుగా 1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో ఈ వర్ణన ఉంది. 1816లోనే తెలుగుకు వ్యాకరణం రాసి అచ్చు వేయించిన మనిషి ఆయన. పిల్లలు ఏం వల్లిస్తున్నారో విని పోల్చుకోగలిగాడు, అర్థం తెలియకుండా వల్లిస్తున్నారని కూడా రాశాడు. అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలోదే. జిల్లా మొత్తం మీద 533 బడులు, అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. చదువుకుంటున్నవాళ్లు 6,641 మంది.

ఇంటికీ బడికీ మధ్య నడిచిన మాటల చరిత్రను నేను ఇక్కణ్నుంచే మొదలుపెడతాను. మొదటి అడుగు బడిది కావడమే అందుకు కారణం. అయ్యవారు ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాడు. తల్లి ఆయన్ని చూసింది, ఆయన ఆ ఇంటిని చూశాడు. ఏ కాగితమూ అక్కర్లేకుండా ఇద్దరికీ తెలియాల్సింది చాలావరకు తెలిసిపోయింది.

ఆ తర్వాత కూడా కబురు నడుస్తూనే ఉండేది. వీధిబడి తెల్లవారుజామున ఆరింటికి మొదలు. అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారని, రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారని క్యాంప్‌బెల్ రాశాడు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేది. సాయంత్రం కొడుకు చెయ్యి చూసిన తల్లికి వాడు ఆ పూట ఎంత పొద్దెక్కి వెళ్లాడో చెప్పేవాళ్లు వేరే అక్కర్లేదనే అనుకుంటాను.

దసరా అయితే సరేసరి. అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. పిల్లల చేతుల్లో పూలూ రంగు కాగితాలూ చుట్టిన గిలకల విల్లంబులు. నేర్చుకున్న పద్యాలు ఇంటి ముందు నిలబడి పాడేవారు, ఇంటివాళ్లు అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. దీన్ని అయ్యవారి మామూళ్ల వసూలుగానే గుర్తుపెట్టుకున్నాం. ఆ తిరుగుడులో ఇంకో సంగతి ఉంది. ఏడాదిగా తమ పిల్లవాడు ఏం నేర్చాడో చదువు రాని తల్లి కూడా తన గుమ్మంలోనే నిలబడి, తన చెవులతో వినేది. గొంతు విప్పుతున్నాడా, పక్కవాడి వెనక దాక్కుంటున్నాడా అన్నది ఆవిడే తేల్చుకునేది.

ఆ రోజుల్ని పొగిడి ఊరుకోవడం మాత్రం తప్పు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టినవాళ్ల వాడల్లోకి ఆ గిలకలు వెళ్లలేదు. లేవగలిగిన వయసు రాగానే పిల్లల్ని పనిలో పెట్టక తప్పని బీద ఇళ్లు ఎన్నో ఉన్నాయని క్యాంప్‌బెల్ కూడా ఒప్పుకున్నాడు. అయ్యవారు అడుగుపెట్టిన ఇళ్లకే కబురు అందింది. అడుగుపెట్టని ఇళ్లకు బడి ఉన్నట్టే లేదు.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో దారి మళ్లింది. మద్రాసు ప్రభుత్వం బళ్లకు గ్రాంటు ఇస్తూ, పరీక్షలో ఎంతమంది నెగ్గితే అంత సొమ్ము అనే పద్ధతి పెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు బడికి పెద్ద పండగా, పెద్ద భయమూ అయింది. అంతవరకు పంతులు బతుకు పిల్లల తల్లిదండ్రుల చేతిలో ఉండేది. ఇప్పుడది ఇన్‌స్పెక్టరు కలం కిందికి పోయింది. హాజరు పట్టీ, మార్కుల పట్టీ, తనిఖీ పుస్తకం, అన్నీ పైకి పంపడానికి పుట్టినవే. బడి మాట్లాడటం మానలేదు, కాకపోతే ఇంటివైపు తిరగాల్సిన ముఖం ఆఫీసువైపు తిరిగింది. మన బళ్లలో ఈనాటికీ పంతులుగారి పొద్దు సగం పైవాళ్లు అడిగిన వివరాలు నింపడంలో పోతోందంటే దాని వేరు అక్కడుందని నా నమ్మకం.

ఇంటికి మిగిలింది కాగితం. ప్రోగ్రెస్ కార్డు అనే మందపాటి అట్ట, త్రైమాసిక, అర్ధ సంవత్సర, వార్షిక పరీక్షల మార్కులు, పనిదినాలెన్ని, హాజరైనవెన్ని, అడుగున తండ్రి లేక సంరక్షకుని సంతకం. తల్లి సంతకానికి గడి ఉన్న కార్డులు అరుదు. ఆ గడి ఉన్నా సంతకం పెట్టగలిగిన తల్లులెందరు? 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో అక్షరాస్యత 32.72 శాతం. అంటే నూటికి అరవై ఏడు మంది ఆడవాళ్లకు బడి నుంచి వచ్చే చీటీ చదవడం రాదు. చీటీ చదివి వినిపించేది ఎవరు? ఆ చీటీ ఎవరి గురించో ఆ పిల్లవాడే. లెక్కల్లో పదకొండు మార్కులొచ్చిన కార్డు తెచ్చి, బాగానే వచ్చాయి, ఇక్కడ వేలిముద్ర వెయ్యి అంటే అమ్మ వేసేది. ఇందులో పిల్లవాడి దొంగతనం కన్నా బడి చేసిన తప్పే నాకు ఎక్కువ కనిపిస్తుంది. చదవలేని మనిషికి రాతలో కబురు పంపి, చేరిందని గుర్తుగా వేలిముద్ర అడిగింది.

కాగితం తయారీ కూడా చిన్న పనేం కాదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం వంద ఇళ్లకు ఒకే చీటీ పంపాలంటే సైక్లోస్టైల్ ఒక్కటే దిక్కు. మైనం పూసిన పల్చటి కాగితం మీద ఇనప మొనతో గీస్తే, గీత పడ్డచోట మైనం పోయి సిరా దిగుతుంది. తెలుగు అక్షరానికి ఇక్కడొక చిక్కుంది. ‘ర’ అయినా సున్న అయినా గుండ్రంగా చుట్టి కలిపేటప్పుడు చెయ్యి కాస్త బరువు పడిందంటే లోపలి ముక్క ఊడిపోయి, అక్షరమున్నచోట నల్లటి చుక్క దిగుతుంది. అనుభవమున్న గుమాస్తా చుట్టు పూర్తిగా మూయకుండా వెంట్రుకవాసి వదిలేవాడు. ఇంత తంతు ఉన్నది పట్నం బళ్లకు, ఫీజులు కట్టించుకునే బళ్లకు. పల్లెలో అయిదు తరగతులకు ఒక్క పంతులున్న బడికి సైక్లోస్టైల్ ఎక్కడిది? రేపు బడి ఉంది, లేదు అన్న కబురు పిల్లల నోటనే నడిచింది.

పిల్లవాడు బడికి రాకపోవడానికి తల్లిదండ్రులకు పట్టకపోవడమే కారణమని చాలాకాలం అధికారులు, చదువుకున్నవాళ్లు అందరూ అన్నారు. ఆ మాట తప్పని రంగారెడ్డి జిల్లాలో తేలింది. 1981లో పుట్టిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990లలో పనిలో ఉన్న పిల్లల్ని బళ్లలో చేర్పించడానికి ఇల్లిల్లూ తిరిగింది. బీద తల్లిదండ్రులు పిల్లల్ని చదివించాలనే కోరుకుంటున్నారని, అడ్డం పడుతున్నవి వేరని చూపించింది. ఏ నెలలో చేర్చుకుంటారు, పుట్టిన తేదీ కాగితం ఎవరిస్తారు, మధ్యలో మానేసినవాణ్ని మళ్లీ ఏ తరగతిలో కూర్చోబెడతారు, ఇవి చెప్పేవాళ్లు లేక ఆగిపోయిన పిల్లలు ఎందరో. ఆ పనికి 2003లో, ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడిబాట పేరు అందరికీ తెలుసు. జూన్‌లో టీచర్లు జట్లుగా వాడల్లోకి వెళ్లి గడప గడపా తట్టుతుంటే, వందేళ్లకు పైగా ఆగిన నడక మళ్లీ మొదలైనట్టే. ఈసారి ఏ వాడనూ వదలకూడదన్న నియమంతో మొదలైంది.

చట్టం కూడా ఇటే వచ్చింది. 1998లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్య చట్టం తల్లిదండ్రులు ఎన్నుకునే బడి కమిటీలను పెట్టింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2009 విద్యాహక్కు చట్టం ఇంకా గట్టిగా చెప్పింది. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లుండాలి. అంతకన్నా ముఖ్యమైనదీ, తక్కువమంది ఎరిగినదీ 24వ సెక్షను. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై చెప్పడం ఉపాధ్యాయుడి విధుల్లో ఒకటిగా అక్కడ రాసి ఉంది. అంటే అది టీచరు మంచితనం కాదు, తల్లికి రావాల్సిన బాకీ.

ఇంతలో ఫోను వచ్చింది. మొదట్లో ఎస్సెమ్మెస్‌లు. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగు లిపిలో 70కే ఆగిపోతుంది. పైగా గుణింతమూ, పొల్లూ, వత్తూ దేని లెక్క దానిదే. ‘తల్లిదండ్రుల సమావేశం’ అని రాస్తే చాలు, అందులో 20 ఖర్చయిపోతాయి. అందుకే చాలాచోట్ల తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపారు. అవి చదవాలంటే తెలుగు వస్తే చాలదు, ఇంగ్లీషు అక్షరాలూ రావాలి. చీటీ రోజుల్లో చదవలేనివాళ్లకు, ఇప్పుడు ఇంకొంతమంది కలిశారు.

వాట్సాప్ గ్రూపు ఈ గోడను ఒకవైపు కూల్చి ఇంకోవైపు లేపింది. 2013లో అందులో గొంతు రికార్డు చేసి పంపే సౌకర్యం వచ్చింది. నా దృష్టిలో బడి కబురు చరిత్రలో అయ్యవారి దసరా నడక తర్వాత అంత పెద్ద సంగతి ఇంకోటి లేదు. టీచరమ్మ రెండు వేళ్ల మధ్య ఫోను పట్టుకుని, అమ్మా, రేపు పొద్దున తొమ్మిదికల్లా పంపండి, నీళ్ల సీసా మర్చిపోకండి అంటే, అక్షరం రాని నాయనమ్మకూ అది అందుతుంది. 2020లో కరోనాకు బడులు మూతపడి, పాఠాలు దూరదర్శన్‌లోకి వెళ్లినప్పుడు, ఏ పాఠం ఎన్నింటికో ఇళ్లకు చేరవేసింది కూడా చాలావరకు ఈ ఫోన్లే.

2018లో అడ్మిన్లు తప్ప ఎవరూ మాట్లాడకుండా గ్రూపును మూసే సదుపాయం వచ్చింది. గుడ్ మార్నింగులూ, అమ్మకాల ప్రకటనలూ తట్టుకోలేక బడులు దాన్ని వాడుకున్నాయి. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. ఒంటి టీచరున్న బడిలో వంట చూసి, పాఠం చెప్పి, యాప్‌లో హాజరు ఫోటోలు ఎక్కించే మనిషి రాత్రి పదింటికి వంద సందేశాలు చదవాలంటే ఎలా? అయినా ఆ తాళం పడ్డ మరుక్షణం గ్రూపు నోటీసు బోర్డు అయిపోయింది. బడి చెబుతుంది, ఇల్లు వింటుంది, అంతే.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 44 వేల ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టి, ప్రోగ్రెస్ కార్డులు చేతికిచ్చి, పిల్లలతో కలిపి భోజనం పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వెళ్లారు. హంగామా ఎక్కువైందన్నవాళ్లున్నారు. బడి గేటు లోపలికి ఎన్నడూ రాని తండ్రి తన కూతురు కూర్చునే బెంచీ మీద కూర్చుని వెళ్లాడంటే ఆ హంగామా నాకు ఇష్టమే. ఏడాదికి ఒకటి రెండు రోజుల్లో చెప్పుకోలేనివి మాత్రం చాలా ఉంటాయి.

ఆగస్టునే చూడండి. యూనిఫాం కొలతలు, ఆధార్ సవరణలు, పదిహేనో తేదీ జెండా పండగకు తెల్ల బట్టలు, నెల మధ్యలో పరీక్షలు. వీటి నడుమ పదో తేదీన జాతీయ నులిపురుగుల నివారణ దినం, బడిలో ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. అనంతపురం, పాలమూరు పల్లెల్లో చాలా ఇళ్లలో అమ్మానాన్నలు పనికోసం బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు, పిల్లలు అవ్వాతాతల దగ్గర. గ్రూపులో ఉన్న నెంబరు అమ్మది. మాత్ర గురించి టీచరు పంపిన గొంతు ఆవిడ కట్టడం పని దగ్గర వింటుంది, విని అత్తకు ఫోన్ చేస్తుంది. పిల్లవాడికి రాత్రి నుంచి ఒళ్లు వెచ్చగా ఉందని అత్త చెబుతుంది. ఒంట్లో బాగాలేని పిల్లలకు ఆ రోజు మాత్ర వెయ్యరు, కోలుకున్నాక, వారం తర్వాత పెట్టే రెండో రోజున వేస్తారు. ఈ నియమం టీచరుకు తెలుసు, జ్వరం సంగతి అవ్వకు తెలుసు, మధ్యలో ఉన్నది అమ్మ. గ్రూపు తెరిచి ఉంటే, లేదా టీచరు నెంబరు ఆవిడ దగ్గర ఉండి పలకరించడానికి జంకు లేకపోతే, పదో తేదీ పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఆ ఒక్క మాట బడికి చేరుతుంది.