వర్తక సంఘాల ఉపకార వేతనాలు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం

ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం తన నిధిలోంచి కళాశాల విద్యార్థులకు ఏటా చేసే ధనసాయమే వర్తక సంఘ ఉపకార వేతనం. రైస్ మిల్లర్లు, కిరాణా హోల్‌సేల్ వర్తకులు, కమీషన్ ఏజెంట్లు, లారీ యజమానులు, చేపల వ్యాపారులు, అందరినీ కలుపుకొనిపోయే ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లు, ఇలా సాయం చేసే సంఘాలు పలురకాలు. ఇచ్చే సొమ్ము సాధారణంగా చిన్నదే. మొత్తం ఫీజు కట్టే శక్తి దానికి ఉండదు, 2008-09లో ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం వచ్చాక ఆ అవసరమూ చాలామందికి తగ్గింది. ప్రభుత్వ సొమ్ము పడేదాకా ఆగని ఖర్చులకి, ప్రభుత్వ పథకం లెక్కలోకి రాని పిల్లలకి మాత్రం ఇది అక్కరకొస్తుంది.

ప్రాంతం, పంటల డబ్బు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో ఏలూరు, కైకలూరు, మండవల్లి ఏలూరు జిల్లాలో ఉండగా, తాడేపల్లిగూడెం, ఆకివీడు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. హద్దులు మారినా వర్తకం దారులు మారలేదు. చెన్నై–హౌరా రైలు మార్గం మీద ఉన్న తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులకి, నూనె మిల్లులకి, ఉల్లి హోల్‌సేల్ మార్కెట్‌కి పేరుపడింది. కర్నూలు ఉల్లి లారీలు అక్కడికి చేరాకే గోదావరి జిల్లాల చిల్లర దుకాణాల్లో ధర తేలుతుంది. ఏలూరుది జనపనార మిల్లు, తివాచీలు, ధాన్యం, కిరాణా కలిసిన పాత వర్తకం. కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు కేంద్రాలుగా బొచ్చె, శీలావతి చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం వైపు వెళ్తాయి.

ఈ వ్యాపారాలన్నిటికీ డబ్బు చేతికొచ్చే కాలం ఒకటుంది, కాలేజీకి ఫీజు కట్టే కాలం మరొకటి. సార్వా (ఖరీఫ్) కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా (రబీ) ధాన్యం ఏప్రిల్, మే నెలల్లో అమ్ముడవుతుంది. ఆ డబ్బు కౌలుకి, పాత బాకీలకి, మళ్లీ సార్వా దుక్కికి పోతుంది. ప్రవేశాలు, ఫీజులు, హాస్టల్ అడ్వాన్సు మాత్రం జూన్ నుంచి ఆగస్టు దాకా వరుసగా మీదపడతాయి. చేపల చెరువుదీ అదే తీరు. పట్టుబడి రోజున వచ్చిన సొమ్ములో మేత బాకీ, ఐసు, కూలి పోను మిగిలిందే రైతుది. ఈ ప్రాంతంలో జూలై, ఆగస్టు నెలల్లో చేతికందే అయిదు వేలకి డిసెంబరులో అందే పదివేలకన్నా విలువ ఎక్కువ. చాలా సంఘాలు ఏడాది చివర సర్వసభ్య సమావేశం పెట్టుకుని, వేదిక మీద శాలువాల నడుమ చెక్కులు ఇస్తాయి. ఫొటోకి బాగుంటుంది. అప్పటికి ఆ ఇంట్లో ఫీజు కోసం చేసిన అప్పుకి వడ్డీ నడుస్తుంటుంది.

ధర్మం పద్దు

సంఘాల దాతృత్వానికి పాత మూలం మార్కెట్‌లోనే ఉంది. సరుకు అమ్మిన రైతుకి కమీషన్ కొట్టువాడు రాసిచ్చే పట్టీలో తూకం, ధర తర్వాత కాటా కూలి, హమాలీ, కమీషన్ వరసగా ఉంటాయి. వాటి కింద చిన్న అంకెతో ధర్మం అనే పద్దు రాసే అలవాటు చాలా మార్కెట్లలో ఉండేది. బస్తాకి ఇంత అని వేసిన ఆ పైసలు ఏడాది తిరిగేసరికి సత్రానికో, చలివేంద్రానికో, గుడికో, పేద విద్యార్థుల భోజనానికో సరిపడా పోగయ్యేవి. వారాలు చేసుకుని, అంటే రోజుకొక ఇంట్లో తిని, చదువుకునే పిల్లలకి వర్తకుల సత్రమే పడకగది అయిన కాలం అది.

పొరుగు తమిళనాట విరుదునగర్ నాడార్ వర్తకులు ఇదే పద్ధతిని మహిమై పేరుతో పకడ్బందీగా నడిపారు. 19వ శతాబ్ది చివరికే ఆ సొమ్ముతో బడి పెట్టారు, 1947లో కళాశాల కూడా నెలకొల్పారు. లండన్‌లో దర్జీ వర్తకుల సంఘమైన మర్చంట్ టైలర్స్ సభ్యుడు సర్ థామస్ వైట్ 1555లో ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీని స్థాపించి, అక్కడి 50 ఫెలోషిప్‌లలో 37 తమ సంఘం బడి పిల్లలకే అట్టేపెట్టాడు. తమవాళ్లకి ముందు అనే పట్టుదల అన్ని దేశాల వర్తకులకీ ఒకటే అన్నమాట.

ధర్మం పద్దు మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. కోత పడేది రైతు సొమ్ములోంచి, పేరొచ్చేది సంఘానికి. 1966 నాటి మార్కెట్ చట్టం తన నియమాలు ఒప్పుకోని కోతల్ని అడ్డుకోవడానికి చూసింది. ఆ పద్దు తగ్గాక సంఘాలు సభ్యత్వ రుసుము, విరాళాలు, సొంత భవనాల అద్దెలు, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ మీద ఆధారపడ్డాయి.

కోర్టులు గీసిన గీతలు

ధర్మం సొమ్ము వ్యాపారి ఆదాయమా, కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హాథ్రస్‌లోని బిజ్లీ కాటన్ మిల్స్ కేసులో 1978లో కోర్టు దాన్ని వ్యాపార రాబడిగా లెక్కించకూడదని, దానం కోసమే వసూలైన సొమ్ముకి వ్యాపారి కేవలం కాపలాదారు అని తేల్చింది.

అంతకుముందే ఒక తెలుగు సంఘం పేరు పన్ను చట్టం పాఠాల్లోకి ఎక్కింది. 1928లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర ఛాంబర్ ఆఫ్ కామర్స్ తన భవనం అద్దె మీద పన్ను మినహాయింపు కోరింది. వర్తక వాణిజ్యాల అభివృద్ధి కూడా ప్రజోపయోగ కార్యమే, దానివల్ల వ్యాపారులకి లాభం కలిగినంత మాత్రాన అది దాతృత్వం కాకుండా పోదని 1960ల నడుమ సుప్రీంకోర్టు ఛాంబర్ వైపు తీర్పు చెప్పింది. 2008 తర్వాతి సవరణలు వర్తక సంఘాలకి ఆ వెసులుబాటును బాగా కుదించాయి. అందుకే ఇప్పుడు చాలా సంఘాలు విద్యానిధిని సంఘం పద్దుల్లో కలపకుండా విడిగా ట్రస్టుగానో, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద సొసైటీగానో నమోదు చేయిస్తాయి.

1961 ఆదాయపు పన్ను చట్టం ఇక్కడ మరో గీత గీసింది. ఒక కులానికో, మతవర్గానికో మాత్రమే మేలుచేసే దాతృత్వ ట్రస్టుకి మినహాయింపు లేదు. ధర్మకర్తల బంధువులకి సొమ్ము మళ్లినా చిక్కే. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళల కోసం పెట్టినవాటికి ఈ అడ్డు లేదు. సభ్యుల పిల్లలకే ఇద్దామని మొదలైన నిధులు క్రమంగా దరఖాస్తు ఎవరైనా పెట్టుకోవచ్చని ప్రకటించడానికి ఉదారత ఎంత కారణమో ఈ నిబంధనా అంత కారణం. విద్యార్థి వైపు నుంచి చూస్తే చదువు ఖర్చుకి ఇచ్చిన ఉపకార వేతనం మీద పన్ను లేదు.

కళాశాల కట్టడం, విద్యార్థిని నిలబెట్టడం

వర్తకుల సొమ్ము రెండు దారుల్లో చదువుకి చేరింది. ఒకటి కళాశాల కట్టడం. అనకాపల్లి బెల్లం మార్కెట్ వర్తకులు పెట్టిన ఏఎంఏఎల్ కళాశాల పేరులోనే అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్ ఉంది, దాతగా లింగమూర్తి పేరూ ఉంది. తాడేపల్లిగూడెంలో డి.ఆర్. గోయెంకా పేరుతో మహిళా కళాశాల ఉంది. ఆ ఊరి నూనె మిల్లుల వర్తకంలోనూ గోయెంకాలు పేరున్నవాళ్లు. పట్టణం పక్కన పెదతాడేపల్లిలో 2001లో వాసవి ఎడ్యుకేషనల్ సొసైటీ పెట్టిన శ్రీ వాసవి ఇంజినీరింగ్ కళాశాల, 2015లో వచ్చిన ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్‌కి సొంత భవనాలు లేనప్పుడు తన ప్రాంగణంలో చోటిచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థకి ఒక పట్టణ సొసైటీ తరగతి గదులు సర్దుబాటు చేయడం తరచుగా చూసేది కాదు.

రెండోది ఉపకార వేతనం. భవనం మీద శిలాఫలకం నిలిచిపోతుంది, విద్యార్థి చదువు పూర్తయి వెళ్లిపోతాడు. దాతలకి మొదటిదే ఇష్టం. 1945లో మొదలైన సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, 1953 నాటి సెయింట్ థెరిసా మహిళా కళాశాల ఉన్న ఏలూరులో కళాశాలల కొరత పెద్దగా లేదు. కొరతల్లా కొల్లేరు సరస్సులోని లంక (దిబ్బ) గ్రామం నుంచి అక్కడికి రోజూ వచ్చి మూడేళ్లూ నిలబడటంలో ఉంది.

కొల్లేటి లంక నుంచి ఏలూరు కళాశాలకి వచ్చే అమ్మాయి ఖర్చులు చూస్తే సంగతి తేటపడుతుంది. ట్యూషన్ ఫీజు ప్రభుత్వం భరిస్తుంది. ఆర్టీసీ బస్సు 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి ఉచితం. ఇవి పోను రికార్డు పుస్తకాలు, ల్యాబ్ కోటు, ఇంటర్న్‌షిప్ నెలల్లో ఊరుకాని ఊళ్లో గది అద్దె, బస్సు తిరగని రోజుల్లో ఆటో ఛార్జీలు చేతి నుంచే పెట్టుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోకి దిగినప్పుడు చినఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగి రాకపోకలు ఆగాయి. అలాంటప్పుడు పట్నంలో నాలుగు వారాలు హాస్టల్లో ఉండగలిగితే పరీక్షలకి హాజరవుతుంది, లేకపోతే హాజరు శాతం పడిపోతుంది. ఈ ఖర్చుల్లో చాలావాటికి ప్రభుత్వ పథకంలో పద్దు లేదు.

వసతికి పద్దు ఉన్నా సరిపోయేది కాదు. 2019-20 నుంచి ప్రభుత్వ వసతి దీవెన పథకం కింద ఐటీఐకి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీ ఆపై చదువులకి 20,000 రూపాయలుగా పెట్టారు. 2020-21 నుంచి ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవాళ్లని ఫీజు పథకం నుంచి తప్పించడంతో ఎంబీఏ, ఎంసీఏలో చేరినవాళ్లు ఒక్కసారిగా సంఘాల తలుపు తట్టారు. ఎన్ఐటీలో కుటుంబ ఆదాయం లక్ష లోపైతే ట్యూషన్ ఫీజు పూర్తిగా, అయిదు లక్షల లోపైతే మూడింట రెండొంతులు మాఫీ. మెస్, హాస్టల్ మాత్రం కట్టుకోవాల్సిందే.

ఎంపిక, కొనసాగింపు

దరఖాస్తుకి అడిగేవి ఎక్కడైనా ఒకటే: మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, కళాశాల ఇచ్చే స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు. కాగితాల్లో తేలనిది పరిచయంలో తేలుతుంది. బజారు సంఘం కోశాధికారికి ఏ కొట్టు నష్టాల్లో ఉందో, ఏ గుమాస్తా జబ్బుపడ్డాడో తెలుసు. ప్రభుత్వ కార్యాలయానికి లేని బలం ఇది, పక్షపాతానికి దారితీసేదీ ఇదే. మార్కుల శాతం ఒక్కదాన్నే పట్టుకుంటే సాయం పట్నంలో కార్పొరేట్ కాలేజీలో చదివినవాళ్ల వైపు ఒరుగుతుంది. పేదరికం ఒక్కదాన్నే చూస్తే ఎవరు చదువు పూర్తిచేస్తారో చెప్పలేక కమిటీ తలపట్టుకుంటుంది.

ఒక ఏడాది ఇచ్చి ఊరుకునే సాయంకన్నా, సబ్జెక్టులు తప్పకపోతే చివరి సెమిస్టర్ దాకా ఇస్తామని ముందే చెప్పే సాయం ఎన్నో రెట్లు మేలు. అటువంటి మాట ఇవ్వాలంటే సంఘానికి శాశ్వత నిధి ఉండాలి. చిక్కంతా అక్కడే. తల్లిదండ్రుల పేరున ఒక దాత 1990ల నడుమ లక్ష రూపాయలు డిపాజిట్ చేస్తే, 12 శాతం వడ్డీతో ఏడాదికి 12,000 వచ్చేది. అప్పట్లో అది ఇద్దరు ముగ్గురి డిగ్రీ చదువుకి సరిపోయేది. 2020-21లో అదే డిపాజిట్ మీద దాదాపు అయిదున్నర శాతం, అంటే 5,500 రూపాయలు. వడ్డీ సగమైంది, ఖర్చులు ఎన్నో రెట్లయ్యాయి. స్మారక బహుమతి పేరు మాత్రం అలాగే ఉంది. నిజానికి వడ్డీలో కొంత అసలుకి కలుపుతూ రావాలన్న నియమం మొదట్లోనే రాసుకోవాల్సింది.

కొత్త సొమ్ము రావడానికి 2013 కంపెనీల చట్టం ఒక దారి తీసింది. నికర విలువ, టర్నోవర్, లాభాల్లో ఏదో ఒకటి నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చుచేయాలి, ఆ జాబితాలో విద్య ఉంది. అయితే ఈ ప్రాంతంలో మిల్లులు, చేపల వ్యాపారాలు ఎక్కువగా భాగస్వామ్య సంస్థలో, కుటుంబ వ్యాపారాలో కావడంవల్ల వాటికి ఈ చట్టం వర్తించదు. విరాళం వాళ్ల ఇష్టం మీదే ఉంటుంది. పన్ను మినహాయింపు కావాలంటే రెండు వేలు దాటిన విరాళం నగదుగా ఇవ్వకూడదన్న నియమం, నగదు మీద నడిచే బజారుకి మొదట్లో కొరుకుడుపడలేదు.

చేపల వ్యాపారంలో నిధి నిలకడ ఇంకా కష్టం. 1999లో కొల్లేటిలో అయిదో కాంటూరు (అయిదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ పరిధిలోని చెరువుల గట్లు కొట్టేశారు. చెరువు పోయిన లంక గ్రామంలో పిల్లల చదువు ఖర్చుకి ఉన్న ఆధారమూ పోయింది. ధర పడిన ఏడాది వ్యాపారి విరాళం తగ్గుతుంది, అదే ఏడాది దరఖాస్తులు పెరుగుతాయి.

హమాలీల పిల్లలు

సంఘం అంటే యజమానుల సంఘం. సరుకు మోసేవాళ్లు, పద్దులు రాసేవాళ్లు అందులో సభ్యులు కారు. గుమాస్తాల, కార్మికుల పిల్లలకి 1987 నాటి కార్మిక సంక్షేమ నిధి చట్టం కింద ఏర్పడిన బోర్డు విడిగా ఉపకార వేతనాలు ఇస్తుంది. అయితే అది యజమాని పేరు రికార్డులో ఉన్నవాళ్లకి. ఉల్లి మార్కెట్‌లో బస్తాకింత అని కూలి తీసుకునే ముఠా కార్మికుడు పొద్దున ఒక కొట్టు లారీ దించుతాడు, మధ్యాహ్నం మరో కొట్టుది ఎత్తుతాడు. అతడి యజమాని ఎవరన్నది కాగితం మీద తేలదు. వర్తక సంఘం తన నిబంధనల్లో సభ్యుల పిల్లలు అన్న మాట పక్కన బజారులో పనిచేసేవాళ్ల పిల్లలు అని కూడా రాసుకుంటే, ముఠా మేస్త్రీ సంతకం ఉన్న దరఖాస్తు కూడా ఎంపిక కమిటీ బల్ల మీదికి వస్తుంది.