తూకంలో న్యాయం - గిరిజనుల హక్కు

ఖమ్మం నుండి వైరా మీదుగా వచ్చే బాట తల్లాడ వద్ద చీలుతుంది. ఒకటి సత్తుపల్లికి, మరొకటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవుల వైపు సాగుతుంది. ఆ అడవుల్లో కోయలు, కొండరెడ్లు సేకరించిన తపసి జిగురు, చింతపండు, కుంకుళ్లు, తేనె తరతరాలుగా మైదానానికి దిగివచ్చాయి. ఉప్పు, బట్ట అడవికి ఎక్కాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో కొనే తూకం ఒకటి, అమ్మే తూకం మరొకటి కావడమే గిరిజనునికి ముప్పు. కలప వర్తకుల అప్పులలో కొండరెడ్లు చిక్కుకున్న తీరును హైమెండార్ఫ్ 1945లో వెలువడిన తన గ్రంథంలో నమోదు చేశాడు.

దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా 'అల్ ముతఫ్ఫిఫీన్' ఖండించినది సరిగ్గా ఈ రెండు తూకాల నీతినే. షుఐబ్ ప్రవక్త (అ) మద్యన్ వాసులకు చేసిన బోధలో ఏకదైవారాధన వెంట వచ్చేది కొలతల విషయమే.

దైవదౌత్యానికి పూర్వం మక్కాలో జరిగిన 'హిల్ఫుల్ ఫుజూల్' ఒడంబడిక ఇక్కడ స్మరణీయం. యమన్ నుండి వచ్చిన జుబైద్ తెగ వర్తకుని సరుకు తీసుకొని, ఆస్ బిన్ వాయిల్ వెల ఎగగొట్టాడు. మక్కాలో ఆ పరదేశికి అండ లేదు. అప్పుడు కొందరు పెద్దలు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, పీడితుడు ఎవరైనా అతని హక్కు ఇప్పిస్తామని ప్రమాణం చేశారు. యువకులైన ముహమ్మద్ (స) అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన పిమ్మట కూడా అటువంటి పిలుపుకు స్పందిస్తామని ఆయన తెలిపినట్లు సీరా గ్రంథాలు చెబుతున్నాయి. వారు బాధితునికి భిక్ష పెట్టలేదు. అతని సొత్తు అతనికి ఇప్పించారు.

మన చట్టాలను ఈ గీటురాయిపై పరీక్షించవచ్చు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1979 నిబంధన షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే గుత్తహక్కును ఆ సంస్థకు ఇచ్చింది. దళారి తొలగాడు గాని, గిరిజనుడు అమ్మకందారుగానే మిగిలాడు. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం మాత్రం ఆ ఫలసాయంపై యాజమాన్యాన్నే గుర్తించాయి. రక్షణకు, హక్కుకు గల తేడా ఇదే. కొనేవాడు ఒక్కడే అయి, ధర కూడా అతడే నిర్ణయించేచోట, అతడు వర్తకుడైనా ప్రభుత్వమైనా, మీజాన్ ముందు జవాబుదారీయే. అల్ మావర్దీ (మరణం 1058) వివరించిన హిస్బా వ్యవస్థలో తూనికల తనిఖీ పాలకుని బాధ్యత.

అడవి అంచున అంగడి నడిపే విశ్వాసికి ఈ చరిత్ర దూరపు ముచ్చట కాదు. తూకంలో మిగిల్చుకున్న పరుల సొమ్ము సదఖాతో శుద్ధి కాదు. హక్కుదారునికి చేరినప్పుడే ఆ రుణం తీరుతుంది.